బదరీవృక్షము క్రింద ఒక పిల్లవాడు



ఈ నెల మా నర్సీపట్నములోని ఒక పిల్లవానిని గూర్చి, తల్లి అనుమతితో, పేరు చెప్పక వ్రాయుచున్నాము. ఇంటర్మీడియట్ చదువుచున్నాడు. ప్రతి ఆదివారము కూడికలో డోలక్ వాయించేవాడు. రెండు నెలలు కనబడలేదు. ఒక సాయంత్రము తల్లి వచ్చి, "అయ్యగారూ, గుంటడు అన్నం తినడం నేదు, ఎవులితోనూ మాటాడ్డం నేదు" అని ఏడ్చెను. తరగతిలో ఎవరో కులము పేరెత్తి, నీ సీటు నీ తెలివితో వచ్చినది కాదన్నారట. నవ్వినవారిలో వాని స్నేహితులు కూడ ఉన్నారట.

మేము వెళ్లి ఏమి చెప్పితిమి? "ప్రార్థన చేసుకో బాబూ, క్షమించు" అని. మాట తప్పు కాదు గాని ఆ రోజున చెప్పవలసినది కాదు. ఏలీయా చావు కోరుకొని బదరీవృక్షము క్రింద పడుకొన్నప్పుడు (1 రాజులు 19) దూత ప్రసంగము చేయలేదు. రొట్టె, నీళ్లు పెట్టెను, నిద్రపోనిచ్చెను, మరల లేపి తినుమనెను. ఏండ్ల తరబడి ఈ భాగము బోధించిన మాకే అది గుర్తు రాలేదు.

వాని బాధ కాలేజీతో ఆగలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్.సి. హోదాను హిందువులకు ఇచ్చెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి. క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవుడనని వ్రాయించుకొంటే మన రాష్ట్రములో బి.సి. 'సి' క్రిందికి పోవును. అందుచేత వానికి కాగితములో ఒక పేరు, సంఘములో ఒక పేరు. క్రిస్మస్‌కు ఫోటో తీయించినప్పుడు వాడు డోలక్ వదలి బయటకు పోయెను. సిగ్గు అనుకొన్నాము! బయట కులమును బట్టి నవ్వులు, గుడిలో దొరికిపోదునేమోనని భయము. పదిహేడేండ్ల ప్రాణము ఎంతని మోయును?

అమెరికాలో ఫిలడెల్ఫియా గుడిలో మోకాళ్లమీదనున్న నల్లజాతి విశ్వాసులను లేపివేసిరి. వారిలో ఒకరైన రిచర్డ్ ఆలెన్ నాయకత్వమున 1816లో ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ సంఘము ఏర్పడెను. బయట తల వంచుకొని తిరిగిన పిల్లలకు పాటలో మొదటి వరుస, పెద్దల పలకరింపు అట్టి సంఘములలోనే దొరికెను. కాని మొదట గెంటినదియు గుడియే. పెండ్లి మాట వచ్చేసరికి ఏ పేటవారని అడుగు పెద్దలు మన సంఘములలో లేరా?

తరువాత తల్లితో కలిసి వానిని విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తీసికొని వెళ్లితిమి. పేరు విని వెనుకాడవద్దు. టెలి మానస్ 14416కు ఫోను చేసినను, రాత్రివేళయైనను, ఉచితముగా తెలుగులో మాట్లాడుదురు. కూడికలో ఫోటోలు మానివేసితిమి.

మొన్న ఆదివారము వాడు వచ్చి వెనుక వరుసలో కూర్చుండెను. డోలక్ ముట్టలేదు, మేమును అడుగలేదు. ఆరాధన తరువాత మా ఇంట అన్నము తిని పోయెను.