నెట్ ఆగిందా? ముందు మన ఇల్లు చూసుకుందాం

"అమ్మా, నెట్ రావట్లేదు!" ఈ కేక వినపడని ఇల్లు ఇప్పుడు ఎక్కడుంది చెప్పండి? వెంటనే పెట్టె స్విచ్ తీసి మళ్లీ వేస్తాం. అయినా రాకపోతే నెట్ అబ్బాయికి ఫోన్ చేస్తాం. ఆయన వచ్చి పెట్టెకేసి ఓసారి చూసి "పాతదయిపోయిందమ్మా, మార్చాలి" అంటాడు. మా వీధిలో ఒకావిడ అలాగే 1,800 రూపాయలు పోసి కొత్త పెట్టె కొన్నారు. తీరా చూస్తే లోపం వీధి స్తంభం దగ్గర! గ్యాస్ పొయ్యి వెలక్కపోతే సిలిండర్ అయిపోయిందా, బర్నర్ రంధ్రాలు మూసుకుపోయాయా అని మనమే చూసుకోమూ? ఇదీ అంతే. ఇంటర్‌తో చదువు ఆపేసిన నాకే వచ్చిందంటే మీకెందుకు రాదు?

దీనికి "పింగ్" అనే చిన్న పరీక్ష ఉంది. పూర్వం పోస్టాఫీసులో జవాబు కార్డులు అమ్మేవారు, గుర్తుందా? ఇదీ అలాంటిదే. మన కంప్యూటర్ ఒక చిన్న కబురు పంపుతుంది, అవతలిది దాన్నే తిప్పి పంపుతుంది. వెళ్లి రావడానికి ఎంతసేపు పట్టిందో మిల్లీసెకన్లలో, అంటే సెకనులో వెయ్యో వంతు లెక్కన తెర మీద పడుతుంది. 1983 డిసెంబరులో అమెరికా సైన్యం వారి పరిశోధనశాలలో పనిచేసే మైక్ మ్యూస్ అనే ఆయన దీన్ని రాశారు. జలాంతర్గాముల జాడ తీయడానికి నీళ్లలోకి పంపే శబ్దం పేరే దీనికి పెట్టారు. ఇళ్లల్లో రుబ్బురోళ్లు పోయాయి గానీ ఇది మాత్రం పోలేదు.

విండోస్ కంప్యూటర్‌లో వెతికే గడిలో సి, ఎం, డి అని కొట్టి ఎంటర్ నొక్కితే నల్ల తెర వస్తుంది. భయపడకండి, ఇక్కడ చెప్పేవన్నీ చూసేవే, దేన్నీ చెరిపేవి కావు. ముందు ఐపీకాన్ఫిగ్ అని కలిపి కొట్టండి (ఐ, పి, సి, ఓ, ఎన్, ఎఫ్, ఐ, జి). "డిఫాల్ట్ గేట్‌వే" అన్న మాటకి ఎదురుగా చుక్కలతో ఒక అంకె ఉంటుంది. చాలా ఇళ్లలో 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ ఉంటుంది. అది మన ఇంటి పెట్టె చిరునామా. ఇప్పుడు పింగ్ (పి, ఐ, ఎన్, జి) అని కొట్టి, కాస్త ఎడం ఇచ్చి, ఆ అంకె వేయండి. నాలుగు జవాబులు రావాలి. ఒక్కోటి ఐదారు మిల్లీసెకన్ల లోపే వస్తుంటే ఇంట్లో అంతా బాగున్నట్టే. వందలకి వందలు చూపిస్తున్నా, "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" అంటున్నా లోపం మన గడప లోపలే.

ఇల్లు బాగుంటే ఈసారి 8.8.8.8 అని కొట్టండి. అది గూగుల్ వాళ్ల చిరునామా. పెట్టె పలికి, ఇది పలక్కపోతే లోపం గడప బయట. అంకె పలికి, గూగుల్ డాట్ కామ్ అని పేరు కొడితే దొరకడం లేదంటే, పేరుకి అంకె చూసి చెప్పే డైరెక్టరీ పనిచేయడం లేదన్నమాట. అది కూడా కంపెనీ వాళ్లకే చెప్పాలి.

ఇంట్లో లోపానికి మన వంటిల్లే కారణం కావచ్చు సుమా! మైక్రోవేవ్ ఓవెన్, వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ అనే రకం దాదాపు ఒకే తరంగాల మీద నడుస్తాయి. పెట్టె అంకె వేశాక ఎడం ఇచ్చి, చిన్న గీత పెట్టి టి కొడితే పరీక్ష ఆగకుండా సాగుతుంది. అది నడుస్తుండగా ఓవెన్‌లో ఒక గ్లాసు నీళ్లు పెట్టి రెండు నిమిషాలు తిప్పి చూడండి. అంకెలు ఎగిరిపడితే దొంగ దొరికినట్టే. పెట్టెను అక్కణ్ణుంచి జరపండి, లేదా వైఫై పేర్లలో 5జి అని ఉన్నది ఎంచుకోండి. ఆపడానికి కంట్రోల్, సి కలిపి నొక్కాలి. ఇనప బీరువా వెనక పెట్టె దాచినా ఇదే తంతు.

పోయిన వానాకాలం మా అమ్మాయి పురిటికి వచ్చి మా ఇంటి నుంచే ఉద్యోగం చేసింది. మీటింగుల్లో మాట తెగిపోతుంటే పై అధికారి "ఇలాగైతే ఆఫీసుకు వచ్చెయ్యి" అన్నాడట. ఆఫీసేమో బెంగుళూరులో, దానికేమో ఏడో నెల! నెట్ వాళ్లకి ఫోన్ చేస్తే "మా వైపు అంతా బానే ఉంది, మీ కంప్యూటర్ చూపించుకోండి" అని ఒకటే పాట. మూడు రోజులు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి పరీక్ష చేసి పాలపద్దు పుస్తకంలోనే రాశాను. అంకె తర్వాత చిన్న గీత, ఎన్, ఎడం ఇచ్చి 100 అని వేస్తే నూరుసార్లు పంపి, ఎన్ని పోయాయో చివర్లో లెక్క చెబుతుంది. మా పెట్టె దగ్గర నూటికి నూరు వస్తున్నాయి. బయట మాత్రం గాలి వీచిన పూటల్లా ముప్ఫైకి పైగా పోతున్నాయి. ఆ పద్దు చదివి, ఫిర్యాదు నంబరు అడిగి రాసుకునేసరికి అవతలి గొంతు మారింది. మర్నాడు మనిషి వచ్చాడు. వేపకొమ్మ ఊగి ఊగి తీగను ప్రహరీ అంచు మీద మడత వేసింది. గాజు తీగ కదా, మడత పడితే లోపల వెలుగు సరిగా పారదు. పైసా తీసుకోకుండా మార్చి వెళ్లాడు.

పెట్టె మీద ఎల్, ఓ, ఎస్ అన్న దీపం ఎర్రగా వెలుగుతుంటే మాత్రం ఈ పరీక్షలేవీ అక్కర్లేదు. తీగలో అసలు వెలుగే రావడం లేదని అర్థం, తిన్నగా ఫోన్ చేసెయ్యండి.

అమెరికాలో పిల్లలున్న తల్లులకో మాట. వీడియోలో మనం "తిన్నావా" అన్నాక వాళ్లు "ఆఁ" అనడానికి ఆ రవ్వంత ఆలస్యం ఎవరి తప్పూ కాదు. గాజు తీగలో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఇక్కణ్ణుంచి అక్కడికి 13 వేల కిలోమీటర్లనుకున్నా, పోయి రావడానికే 130 మిల్లీసెకన్లు. తీగలు సముద్రాల్లో చుట్టూ తిరిగి వెళ్తాయి కాబట్టి మామూలుగా 200 దాటుతుంది. అంతకన్నా తగ్గాలని ఎక్కువ డబ్బుల ప్లాను తీసుకోనక్కర్లేదు.

కంప్యూటర్ లేనివాళ్లకి ఫోన్‌లో పింగ్ చేసే యాప్‌లు ఉచితంగానే దొరుకుతాయి. మన ఫోన్‌లోని నంబర్లూ ఫోటోలూ చూడనివ్వమని అడిగేదైతే మాత్రం తీసి పారెయ్యండి, ఈ పనికి వాటితో అవసరమే లేదు.