సంతకం చాలదు

కిందటి ఆదివారం సంఘం గ్రంథాలయంలో ఒక కుర్రవాడు మమ్మల్ని పట్టుకున్నాడు. “బాబాయిగారూ, అమెరికా అధ్యక్షుడు సంతకం చేసినా ఆ అణుపరీక్షల ఒడంబడిక అమలులోకి రాలేదేమండీ?”

ఇరవై ఏళ్లుగా గుమాస్తాగిరీ చేస్తున్న మాకు జవాబు చప్పున తోచింది. దొరగారి సంతకం పడగానే కాగితం చెల్లుతుందా? పై మంజూరు రావద్దూ?

అక్కడ పై మంజూరు సెనేటుది. నూరుగురు సభ్యులలో అందరూ వస్తే 67 మంది ఒప్పుకోవాలి. 1963లో గాలిలో, నీటిలో, అంతరిక్షంలో పరీక్షలు మాన్పించే ఒప్పందానికి 80 మంది సరేనన్నారు, 19 మంది కాదన్నారు. భూగర్భ పరీక్షలు మిగిలిపోయాయి. వాటినీ ఆపే ఒప్పందం మీద క్లింటన్ గారు 1996 సెప్టెంబరు 24న సంతకం చేసి, మరుసటి ఏడు సెనేటుకు పంపారు.

తర్వాతి కథ అచ్చంగా ఆఫీసు కథే. విదేశాంగ సంఘం అధ్యక్షులు జెస్సీ హెల్మ్స్ గారు ఆ దస్త్రం రెండేళ్లు విప్పనే లేదు. విప్పమని అవతలి పక్షం పట్టుబట్టేసరికి, సరే, వెంటనే ఓటన్నారు. రెండేళ్లు నిద్రపోయిన కాగితానికి రెండు వారాలైనా గడువు లేదు! పరీక్షలు లేకుంటే దాచిన బాంబులు చెడినట్టు తెలిసేదెలా, పరాయి దేశం చాటుగా చిన్న పరీక్ష చేస్తే పట్టేదెలా అన్నారు వ్యతిరేకులు. కొట్టిపారేయదగ్గ సందేహాలు కావు. భూమి కంపాన్ని కొలిచే యంత్రాలు లోకమంతటా పెట్టి కనిపెడతామన్నారు అనుకూలురు. నెలల తరబడి కూర్చుని తేల్చవలసిన లెక్క ఇది. ఓటమి ఖాయమని తెలిసి 62 మంది వాయిదా కోరుతూ లేఖ వ్రాశారు. అదీ సాగలేదు. 1999 అక్టోబరు 13న అనుకూలం 48, ప్రతికూలం 51.

మనం నవ్వుకోవడానికి లేదు లెండి. పరీక్షలు నిలపండని 1954లోనే లోకానికి చెప్పినవారు నెహ్రూగారు. 1963 ఒప్పందంలో మన దేశం చేరింది. 1996 ఒప్పందంలో మాత్రం, బాంబులున్నవారు వాటిని వదులుకునే గడువు లేదని చేరలేదు. 1998 మేలో పోఖ్రాన్‌లో పరీక్షలూ జరిపాము. ఒప్పందం అమలుకు ఆమోదించి తీరవలసిన 44 దేశాలలో మనమూ ఒకరం. ఇచ్చిన ఆమోదాన్ని 2023లో రష్యా వెనక్కు తీసుకున్నది.

“అయితే ఆ ఫైలు మూసేశారా అండీ?” అన్నాడు కుర్రవాడు.

మూయలేదు నాయనా. ఓడిన కాగితం తిరిగి ఆ విదేశాంగ సంఘానికే చేరింది. అక్కడే వున్నది.