వంటింటి శీర్షిక: సీసా లేని స్కాంపి

సముద్రానికి ఎంతో దూరాన నివసించే మన భిలాయి తెలుగు కుటుంబాలకు రొయ్య అంటే ప్రత్యేకమైన మమకారం. 1959లో ఇక్కడ తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన తరువాతి సంవత్సరాలలో ఉత్తరాంధ్ర నుండి ఎందరో వచ్చి స్థిరపడ్డారు. సెలవులకు స్వగ్రామం వెళ్ళి, తిరుగు ప్రయాణంలో ఎండు రొయ్యల మూట లేకుండా రైలెక్కినవారు అరుదు.

ఈ మాసం పాఠక సోదరీమణులకు పరిచయం చేయదలచిన వంటకం స్కాంపి. మన కోస్తా రైతుల వాడుకలో స్కాంపి అంటే మంచినీటి నీలకంఠ రొయ్య. ఇటలీలో అది పొడవైన డెక్కలు గల వేరొక సముద్ర జీవి. అమెరికాకు వలస వెళ్ళిన ఇటలీ వారు అక్కడ దొరికిన రొయ్యలనే వెల్లుల్లి, వెన్న, తెల్ల ద్రాక్షసారాయిలతో వండుకొని, పాత పేరునే నిలుపుకొన్నారు. ఊరు విడిచి వచ్చిన మనకు ఇది అర్థం కాని విషయం కాదు.

ఇటీవల మా పొరుగింటి అమ్మాయి హైదరాబాదు నుండి వచ్చి, తల్లిదండ్రులకు ఈ వంటకం చేసిపెట్టాలని ముచ్చటపడింది. వాళ్ళ నాన్నగారు పదవీ విరమణ చేసిన కార్మికులు. ఎంతో కష్టపడి మద్యం మానివేసి పన్నెండేళ్ళయింది. "ఉడికితే అంతా ఆవిరైపోతుంది కదా, పిన్నిగారూ?" అని నన్ను అడిగింది. పోదని చెప్పాను. పావుగంట ఉడికినా కొంత మద్యం కూరలో నిలిచే ఉంటుంది. అంతకు మించి, ఆ వాసనే మానినవారికి పరీక్ష కావచ్చు. అమ్మాయి సీసా కొనే ఆలోచన విరమించుకొంది. ద్రాక్షసారాయి ఇచ్చేది ప్రధానంగా పులుపు, పరిమళం. వాటికి నిమ్మరసం, రొయ్య పెంకుల రసం చాలునని నిర్ణయించుకొన్నాము.

నలుగురికి పెంకుతో ఉన్న రొయ్యలు ముప్పావు కిలో తీసుకోవాలి. మంచులో గడ్డకట్టినవైతే ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లో క్రింది అరలో ఉంచాలి, వేడినీళ్ళలో వేయరాదు. ఘాటైన అమ్మోనియా వాసన వస్తే నిస్సంకోచంగా పారవేయాలి. పెంకులు ఒలిచి, వీపుమీది నల్లని నరం తీసి, తడి ఒత్తి ఉంచాలి. పెంకులను చెంచాడు నూనెలో ఎర్రబడేవరకు వేయించి, రెండు గ్లాసుల నీటితో పావుగంట మరిగించి వడకట్టాలి.

పావుకిలో పాస్తాను సమృద్ధిగా ఉప్పునీటిలో, పొట్లంపై సూచించిన సమయానికి ఒక నిమిషం ముందే దింపి, ఉడికిన నీరు ఒక గ్లాసు దాచుకోవాలి. వెడల్పాటి మూకుడులో కొద్ది నూనె, 25 గ్రాముల వెన్న వేసి, సన్నగా తరిగిన పది వెల్లుల్లి రేకలు మెత్తబడనివ్వాలి, మాడితే చేదు. రొయ్యలు వేసి ఒక్కొక్క వైపు నిమిషం, నిమిషంన్నర. గులాబి రంగుకు మారి కొడవలిలా వంగగానే తీసివేయాలి. గుండ్రంగా చుట్టుకొన్నాయంటే మించి ఉడికి రబ్బరైనట్లే.

అదే మూకుడులో పెంకుల రసం సగానికి ఇగిరించి, పాస్తా, కొద్దిగా దాచిన నీరు, మరో 25 గ్రాముల వెన్న వేసి చిక్కబడేవరకు కలపాలి. రొయ్యలు చేర్చి, దింపిన తరువాతే నిమ్మరసం, మిరియాల పొడి, కొత్తిమీర వేయాలి. రొయ్యలు పడనివారు ఈ రసాన్ని కూడా తాకరాదు.

ఆ రాత్రి పెద్దాయన రెండవసారి వడ్డించమన్నారు. "ఇందులో ఏమేమి వేశావమ్మా?" అని అడిగారు. అమ్మాయి ఒక్కొక్కటే చెప్పింది. దాచవలసినది ఏదీ లేకపోవడమే ఆ వంటకు వచ్చిన అసలు రుచి.