ఆదివారం కారు

మా ఆవిడ అడిగిన దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. "మామయ్యగారు పాతికేళ్లు చేతక్ స్కూటర్ మీద ఎండకెండి, వానకు తడిసి, చివరికి కారు కొనుక్కున్నది నెత్తి మీద నీడ కోసమే కదా! మీరేంటి, డబ్బులిచ్చి మరీ ఆ నీడ పీకించుకుంటానంటారు?"

నేను కొంటానంటున్నది మాజ్దా మియాటా. టాపు మడిచేసే రెండు సీట్ల కారు. అదీ సెకండ్ హ్యాండ్‌ది, అదీ ఆఫీసుకు రోజూ తోలడానికి. మేముండే డాలస్‌లో వేసవిలో ఎండ 40 డిగ్రీలకు చేరుతుంది, ఏప్రిల్, మే నెలల్లో వడగళ్లు పడతాయి. ఆవిడ అడగడంలో తప్పేముంది?

పాత ఇంగ్లిష్ స్పోర్ట్స్ కార్లలోని సరదా ఉంచేసి, దారిలో ఆగిపోయే జబ్బు తీసేస్తే ఎలా ఉంటుందో అదీ మియాటా. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో చూపించారు. 2016 ఏప్రిల్‌కి పది లక్షల కార్లు తయారయ్యాయి. పొడవు ఇంచుమించు మన స్విఫ్టంత, బరువు టన్నుకు కాస్త పైన. నేను చూస్తున్న 2017 మోడల్‌కి 155 హార్స్ పవర్. మా మినీవాన్‌కే 280 ఉంది! అయినా మలుపు తిరిగేటప్పుడు మినీవాన్ మనల్ని మోస్తుంది, ఇది మనం అనుకున్నట్టు తిరుగుతుంది. గుర్రమూ రౌతూ ఒకటైనట్టు ఉండాలని మాజ్దా వాళ్లు పెట్టుకున్న మాట 'జింబా ఇత్తాయ్'. ప్రచారం మాటలు నేను తేలిగ్గా నమ్మను. దీన్ని మాత్రం రెండో మలుపులోనే నమ్మాను.

డిక్కీ 130 లీటర్లు. 20 పౌన్ల సోనా మసూరి బస్తా, నాలుగు కూరగాయల సంచులు పెడితే నిండిపోతుంది. స్టెప్నీ లేదు, గాలి కొట్టే బుల్లి మిషను, జిగురు సీసా ఇస్తారు. అమ్మ ఒంగోలు నుంచి వచ్చిందంటే ఒక్కోటి 23 కిలోల పెట్టెలు రెండు, వాటి నిండా ఆవకాయ, కారప్పొడులు. ఇంట్లో ఇంకో పెద్ద కారు లేనివాళ్లు ఈ ఆలోచన ఇక్కడే మానుకోవచ్చు.

ఉన్నవాళ్లకు అందరూ చెప్పే సలహా ఒకటుంది: ఆదివారాలు తోలుకోవడానికి కొనుక్కో, రోజూ వద్దు. నేనూ అదే నమ్మి, పోయిన శనివారం ప్లేనోలో ఒకాయన ఇంటికి వెళ్లాను. ఎర్ర కారు, తుడిచి తళతళలాడిస్తున్నాడు. 19,000 మైళ్లే తిరిగిందట. "సండే కారండీ, గరాజ్ దాటలేదు" అన్నాడు గొప్పగా.

వంగి టైరు చూశాను. పక్కగోడ మీద నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2316. అంటే 2016లో 23వ వారంలో పుట్టిన టైర్లు. అరగలేదు గానీ రబ్బరు ఎండి, నెర్రెలు విచ్చిన చేనులా ఉంది. టాపు మడతపడే చోట, సీట్ల వెనక మూలల్లో, వాన నీరు కిందికి దిగడానికి చెరో కన్నం ఉంటుంది. ఆయన్ని అడిగి సీసాతో నీళ్లు పోశాను. ఎడమవైపువి బుడబుడమంటూ కారు కిందికి కారాయి. కుడివైపువి కదల్లేదు. సీటు వెనక తివాచీ మీద చెయ్యి పెడితే చల్లగా, ముక్క వాసన. ఆయన మొహం చూడలేక దణ్ణం పెట్టి వచ్చేశాను.

వారాల తరబడి నిలబెడితే బ్యాటరీ దిగిపోతుంది, రబ్బరు బీడింగులు బిగుసుకుంటాయి, కన్నంలో పడిన ఆకు ఎవరి కంటా పడదు. గుడ్డ టాపు మార్చాలంటే వెయ్యి డాలర్లకు పైనే. పైగా సొంత కార్లకు సేఫ్టీ తనిఖీని టెక్సస్‌లో 2025 నుంచి ఎత్తేశారు, మనం చూసుకోవాల్సిందే. ఇలాంటి కారు కొంటే రోజూ తోలాలి. లేదా కొనకూడదు. దాచుకోవడానికి ఇదేమన్నా పట్టుచీరా?

రోజూ అంటే కష్టాలు లేవా? ఉన్నాయి. 75వ నంబరు హైవే మీద పక్క లేన్‌లో వచ్చే పికప్ ట్రక్కు చక్రం సరిగ్గా నా చెవి పక్కన ఉంటుంది. టాపు వేసినా దాని హోరు ఆగదు. దిగేటప్పుడు మోకాలు ఒక మాట అంటుంది. మధ్యాహ్నం ఎండలో టాపు వేసి ఏసీ పెట్టుకోవాల్సిందే. కానీ పొద్దున్న ఆరున్నరకు, మార్చిలోనో అక్టోబరులోనో, ఎవరి పెరట్లోనో కోసిన గడ్డి వాసన వస్తుంది చూడండి, అది నాన్న స్కూటర్ వెనక కూర్చున్నప్పుడు పొలాల మీంచి వచ్చిన వాసనకు దగ్గరి చుట్టం. ఈ టాపు వెయ్యడానికి కూర్చున్న చోటు నుంచి ఒక్క చెయ్యి చాలు. సిగ్నల్ పచ్చబడేలోపు పని అయిపోతుంది.

ఇప్పుడు ఇంకో కారు దొరికింది. అదే మోడల్, 88,000 మైళ్లు. ఒక నర్సుగారిది, రోజూ ఆసుపత్రికి తోలింది. బంపరు మీద గీతలు, డ్రైవరు సీటు అంచు అరిగింది. టైర్లు నిరుడు మార్చిన రసీదు ఉంది, రెండు కన్నాల్లోంచీ నీళ్లు దిగాయి, తివాచీ పొడిగా ఉంది. ఆఫీసు రద్దీ వేళలో ఒకసారి తోలి చూస్తానన్నాను. తనకు ఏడింటికి డ్యూటీ, ఐదున్నరకే రమ్మంది.

మా ఆవిడ కూడా వస్తానంది. రాత్రే గట్టిగా జడ వేసుకుని పడుకుంది.