కర్త ఎవరో చూడండి

త్రిపుర గిరిజనులు స్వయంపాలన మాట ఎత్తిన ప్రతిసారీ మన ఉపాధ్యాయుల సమావేశాలలో సైతం ఎవరో ఒకరు "అది వేర్పాటువాదం" అని తేల్చివేస్తారు. మిత్రులారా, ఆ మాట అనే ముందు రాజ్యాంగంలోని ఆరవ షెడ్యూలు, ఆరవ పేరా ఒక్కసారి చదవండి. స్వయంపాలిత జిల్లా మండలి ప్రాథమిక పాఠశాలలను నెలకొల్పవచ్చును, నడపవచ్చును. గవర్నరు ముందస్తు ఆమోదంతో, వాటిలో చదువు ఏ భాషలో, ఏ రీతిలో చెప్పవలెనో నిర్దేశించవచ్చును. భాషను నిర్దేశించే ఈ అధికారం 1950 నాటి మూల రాజ్యాంగంలోనే ఉన్నది. త్రిపుర మండలి ఈ షెడ్యూలు కిందికి వచ్చినది 1985లో.

ఇప్పుడు మన వంటి భాషా అల్పసంఖ్యాకులకు 1956లో దక్కిన 350-ఎ అధికరణం చూడండి. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించుటకు రాష్ట్రం "ప్రయత్నించవలెను". తెలుగు పంతులును గనుక నాకు వ్యాకరణమే ముందు కనబడుతుంది. అక్కడ కర్త ఆ ప్రజల మండలి, క్రియ నిర్దేశించుట. ఇక్కడ కర్త ప్రభుత్వం, క్రియ ప్రయత్నించుట. మన పేరు వాక్యంలో చతుర్థీ విభక్తితో ఉన్నది, అంతే.

ఈ తేడా చిన్నది కాదు. హోసూరులోనైనా, బళ్ళారిలోనైనా, బరంపురంలోనైనా తెలుగు అయ్యవారు పదవీ విరమణ చేస్తే ఆ ఖాళీని నింపేది మనం కాదు. అర్జీ పెడతాము. "ప్రయత్నిస్తున్నాము" అని జవాబు వస్తుంది. చట్టం అడిగినదీ అంతే గదా! 350-బి కింద నియమితుడైన ప్రత్యేకాధికారి రాష్ట్రపతికి నివేదిక పంపుతాడు. నివేదిక పిల్లలకు గుణింతం నేర్పదు.

అలాగని త్రిపురలో అంతా సవ్యంగా ఉన్నదని నేననను. 2011 జనగణనలో గిరిజనులు రాష్ట్ర జనాభాలో మూడవ వంతుకు లోపే. మండలి ముప్ఫై మంది సభ్యులలో ఇరవై ఎనిమిది మంది ఎన్నికతోనే వస్తారు, రాష్ట్ర విస్తీర్ణంలో సుమారు మూడింట రెండు వంతులు మండలి పరిధిలోనిదే. కానీ డబ్బుకు మాత్రం రాష్ట్ర ప్రభుత్వం వైపు చూడవలసినదే. కొక్‌బొరోక్ 1979లోనే అధికార భాష అయినది, అయినా బెంగాలీ లిపియా, రోమన్ లిపియా అన్న తగవు తీరలేదు. చేతికి అధికారమిచ్చి సంచి దాచుకుంటే జరిగేది ఇదే. వారు మరింత అడుగుతున్నారంటే కారణం ఇక్కడున్నది, దేశద్రోహంలో కాదు.

"మనం చెల్లాచెదురుగా ఉన్నాము, మనకు మండలి ఎక్కడిది?" అంటారు. నిజమే, మండలి మనకు కుదరదు. కానీ తెలుగు బడి తల్లిదండ్రుల సంఘానికి, ఖాళీ అయిన తెలుగు పోస్టును నిర్ణీత గడువులోగా తాత్కాలికంగానైనా నింపుకొనే అధికారం, ఆ జీతానికి ప్రభుత్వ నిధి, ఈ రెండూ కోరడానికి ఏ షెడ్యూలూ అడ్డు కాదు. ఈ జూన్‌లో మీరు వ్రాసే అర్జీలో "దయచేసి నియమించగలరు" అన్న వాక్యం కొట్టివేసి, "నియమించుకొనే అధికారం మా సంఘానికి ఇవ్వవలెను" అని వ్రాయండి. జవాబుగా "ప్రయత్నిస్తున్నాము" అన్న మాట పనికిరాదని కూడా అందులోనే చేర్చండి.