బండి మొండికేస్తే తప్పంతా బ్యాటరీదేనా?

అక్కచెల్లెళ్లూ! పొద్దున్నే కుక్కర్ విజిల్ వేయకపోతే మీరేం చేస్తారు? కొత్త కుక్కర్ కొనేస్తారా? ముందు గ్యాస్కెట్ సరిగ్గా కూర్చుందో లేదో చూస్తారు. తర్వాత వెయిట్ కింద రంధ్రంలో పప్పు పొట్టు ఇరుక్కుందేమోనని పుల్ల పెట్టి తీస్తారు. కుక్కర్ మార్చడమనేది చిట్టచివరి మాట. మరి వాకిట్లో కారు కదలకపోతే మాత్రం "బ్యాటరీ పోయింది, కొత్తది వేయాల్సిందే" అన్న ఒక్క మాటకే బీరువా తాళాలు ఎందుకు తీసిస్తాం?

బుక్కరాయసముద్రంలో మా ఎదురింటి వదినవాళ్లకు ఒక పాత కారుంది. ఏడాదిన్నరలో దానికి రెండు బ్యాటరీలు మార్చారు. అయినా నాలుగు రోజులు బాగుంటుంది, ఐదో రోజు అలుగుతుంది. ఒక రాత్రి వాళ్ల అత్తగారికి ఆయాసం ఎక్కువైంది. పక్కనే ఉన్న అనంతపురానికి తీసుకుపోదామని తాళం తిప్పితే 'టిక్ టిక్ టిక్' అని చప్పుడే గానీ ఇంజను తిరగలేదు. వీధి చివరి నుంచి ఆటో పిలిపించుకుని పోయారు. దేవుడి దయవల్ల పెద్దావిడ గండం గడిచి ఇంటికొచ్చింది. కానీ ఆ పావుగంట మా వదిన ఎంత అల్లాడిపోయిందో నేను చూశాను.

మర్నాడు మెకానిక్ వచ్చి మూడో బ్యాటరీ మాటెత్తాడు. వదిన ఒప్పుకోలేదు. "రెండు బ్యాటరీలూ ఒకే జబ్బుతో పోతాయా తమ్ముడూ? జబ్బు బండిలోనే ఉందేమో చూడరాదా?" అంది. అన్నయ్య "నీకేం తెలుసు, ఊరుకో" అన్నాడు. వదిన ఊరుకోలేదు. పాల లెక్క, గ్యాస్ బండ తేదీ రాసుకునే గోడ క్యాలెండరు మీదనే కారు లెక్క కూడా మొదలుపెట్టింది. ఏ రోజు బయటికి తీశారు, ఎంత దూరం పోయారు, ఏమేం పెట్టుకొచ్చారు, ఏ రోజు మొరాయించింది, అన్నీ రాసింది.

ఐదు వారాల్లో మూడుసార్లు బండి ఆగింది. క్యాలెండరు చూస్తే ఆ మూడుసార్లూ ఒకటే వరస. అనంతపురం నుంచి బియ్యం మూట, సరుకులు డిక్కీలో వేసుకొచ్చారు, ఆ తర్వాత మూడు రోజులు బండి తీయలేదు. ఈ సంగతి చెప్పగానే మెకానిక్ తన సెల్‌ఫోన్‌లో వీడియో ఆన్ చేసి, డిక్కీలో పెట్టి మూత వేశాడు. తీసి చూస్తే ఏముంది! మూత పడినా లోపలి దీపం ఆరలేదు. దాన్ని ఆర్పే చిన్న స్విచ్ అరిగిపోయింది. ఒక్కోసారి పని చేస్తుంది, ఒక్కోసారి చేయదు.

అంత చిన్న దీపం బండిని ఆపుతుందా అంటారేమో. లెక్క చూడండి. బల్బు 5 వాట్లు, బ్యాటరీ 12 వోల్టులు. అంటే గంటకు సుమారు 0.4 ఆంపియర్-అవర్ ఖర్చు. రోజుకు దాదాపు 10, మూడు రోజులకు 30. చిన్న కార్ల బ్యాటరీలో ఉండేదే 35 ఆంపియర్-అవర్! కుళాయి చుక్క చుక్క కారి తొట్టి ఖాళీ అయినట్టే. రోజూ బండి నడిపితే ఆల్టర్నేటర్ మళ్లీ నింపుతుంది గనుక తెలియదు. నాలుగు రోజులు నిలిపితే బయటపడుతుంది. పైగా ఇలా పూర్తిగా ఖాళీ అయిన ప్రతిసారీ బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. స్విచ్ మార్చాక బండి మళ్లీ అలగలేదు.

పదే పదే లోపం వస్తుంటే మీరూ ఇవి చూడండి, లేదా చూడమని అడగండి.

1. తాళం తిప్పినప్పుడు దీపాలు మసకబారి 'టిక్ టిక్' అంటే చార్జి తగ్గింది, లేదా తీగ వదులైంది. దీపాలు బాగానే వెలుగుతూ ఒక్కసారి 'టక్' మని ఊరుకుంటే స్టార్టర్ వైపు అనుమానించాలి.

2. మీటరు పెట్టి చూపించమనండి. బండి కొన్ని గంటలు నిలిపాక బ్యాటరీ 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. ఇంజను నడుస్తున్నప్పుడు మామూలుగా 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. అలా పెరగకపోతే లోపం చార్జింగ్‌లో ఉంది. కొత్త బ్యాటరీ వేసినా దండగే.

3. హెడ్‌లైటు, హారను, వైపరు ఒకదానికొకటి సంబంధం లేకుండా తిక్క పనులు చేస్తుంటే ఎర్త్ తీగ చూడాలి. బ్యాటరీ నుంచి బండి బాడీకి పోయే ఆ తీగ తుప్పు పట్టినా, వదులైనా ఇలాంటి దయ్యాల చేష్టలే కనబడతాయి.

4. శెనక్కాయ కట్టె వామి పక్కన బండి పెట్టకండి. అక్కడ చేరిన ఎలుకలు బానెట్ కిందికి దూరి తీగలు కొరుకుతాయి.

5. ఫ్యూజు పోతే అదే ఆంపియర్ల ఫ్యూజు వేయాలి. పెద్దది వేసినా, రాగి తీగ చుట్టినా ఫ్యూజుకు బదులు లోపలి వైరు కాలుతుంది, బండికే నిప్పు అంటుకోవచ్చు. కొత్త ఫ్యూజు కూడా పోయిందంటే ఎక్కడో షార్ట్ ఉంది, వెతికించండి.

బ్యాటరీ కొసల మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే ఇంట్లోనే శుభ్రం చేయవచ్చు.

కావలసినవి: వంట సోడా ఒక పెద్ద చెంచా, గ్లాసుడు గోరువెచ్చని నీళ్లు, పాత టూత్ బ్రష్, కొంచెం వ్యాజిలిన్, రబ్బరు గ్లౌజులు.

చేసే విధానం: ఇంజను ఆపి, ముందు మైనస్ తీగ, తర్వాత ప్లస్ తీగ విప్పాలి. సోడా నీళ్లతో రుద్ది, మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడవాలి. సోడా నీళ్లు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి పోకూడదు. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. పైన వ్యాజిలిన్ పలచగా రాయాలి. కొత్త మోడళ్లలో బ్యాటరీ తీగ విప్పితే కొన్ని సెట్టింగులు పోతాయి. కాబట్టి ముందు బండితో ఇచ్చిన పుస్తకం చూడండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. బ్యాటరీ మీద చేయి పెట్టే ముందు బంగారు గాజులు, ఉంగరాలు, మెడలో గొలుసు తీసి పక్కన పెట్టండి. తీయలేని పుస్తెల తాడును జాకెట్ లోపలికి దోపుకుని, కొంగు బిగించండి. లోహం రెండు కొసలకూ తగిలితే క్షణంలో ఎర్రగా కాలి చర్మం ఊడుతుంది. బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ వాయువు అంటుకునే గుణం గలది గనుక దగ్గర అగ్గిపుల్ల గీయకూడదు. కరెంటు కార్లు, హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు తీగలు కనిపిస్తే అసలు ముట్టుకోవద్దు. అవి వందల వోల్టులవి.

ఒకప్పుడు కారు స్టార్టు చేయాలంటే ముందు ఇనుప హ్యాండిల్ పెట్టి బలంగా తిప్పాలి. అది వెనక్కి తన్ని చేతులు విరిగిన వాళ్లున్నారు. అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ తయారుచేసిన కరెంటు స్టార్టర్ 1912 మోడల్ కాడిలాక్ కార్లలో వచ్చాక, హ్యాండిల్ తిప్పే బలం లేని వాళ్లు కూడా బండి నడపగలిగారు. ఆడవాళ్లకు స్టీరింగ్ అందించిన వాటిలో ఆ బ్యాటరీ, ఆ స్టార్టర్ కూడా ఉన్నాయన్నమాట. వాటి మంచిచెడ్డలు మనకెందుకులే అనుకుంటే ఎలా?

మెకానిక్ తెలివిగలవాడే కావచ్చు. కానీ బండి ఏ రోజు, ఏ పని తర్వాత అలిగిందో అతనికి తెలియదు. ఇంట్లో ఉండి చూసే మీకే తెలుస్తుంది. ఈ రోజే క్యాలెండరు పక్కన పెన్సిలు కట్టి పెట్టుకోండి.

వచ్చే వారం ఇన్వర్టర్ బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ ఎప్పుడు, ఎంత పోయాలో చెప్పుకుందాం.