ముందు బ్రేకు, చివర రంగు

మొన్న కోటప్పకొండ తిరునాళ్ళకు మా పాత జీపు పికప్ వేసుకుని వెళ్ళాను. ప్రభ సామాను దించి ఓ పక్కన పెడితే ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి చుట్టూ తిరిగి చూశారు. ఒకడు ఫోటోలు తీసుకున్నాడు. రెండోవాడు, "బాబాయ్, దీన్ని నాలుగంగుళాలు పైకి లేపించి, పెద్ద టైర్లు వేయించి, ముందు లైట్ల పట్టీ కట్టిస్తే అదిరిపోద్ది. మా తాతది కూడా ఇలాంటిదే కొట్టంలో పడుంది. ఈ ఎండాకాలం ఇంట్లోనే నేనే బాగుచేద్దామనుకుంటున్నా. ముందు రంగు ఏది వేయించమంటారు?" అన్నాడు.

"బ్రేకులు ఎలా ఉన్నాయి?" అన్నాను.

"అవి తర్వాత చూసుకోవచ్చులే బాబాయ్" అన్నాడు.

సరిగ్గా ఈ మాటే ఆరేళ్ళ కిందట నేనూ అనుకున్నాను. అందుకే ఇది రాస్తున్నా. పాత బండి బాగుచేసుకోవాలనే సరదా ఉన్నవాళ్ళు ఓపిగ్గా చివరిదాకా చదవండి.

మాది 1974 మోడల్. అప్పటికి జీపులు మనకు కొత్తేం కాదు. 1947లోనే మహీంద్రావాళ్ళు విల్లీస్ జీపులను బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. తర్వాత ఇక్కడే తయారుచేశారు. మా నాన్న ఈ బండిని పాతదిగానే కొన్నాడు. వెనక తొట్టి, ముందు ఇద్దరు కూర్చునే సీటు. పెట్రోలు భరించలేక డీజిల్ ఇంజన్ పెట్టించాడు. ఆ రోజుల్లోనే ఆఫీసు చుట్టూ తిరిగి ఆ ఇంజన్ నంబరు ఆర్సీలో ఎక్కించాడు. ఆ పని విలువ నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలియలేదు.

నాన్న పోయాక బండి నాలుగేళ్ళు చింతచెట్టు కింద ఉంది. పాత ఇనపసామానువాడు వచ్చి రేటు చెప్పాడు. అమ్మ ఒప్పుకోలేదు. "మీ నాన్న ఉంటే అమ్మేవాడా?" అంది. అంతే, నాకు పంతం వచ్చింది. విజయవాడ ఆటోనగర్‌లో రెండు రోజులు తిరిగి సామాను తెచ్చాను. టింకరింగ్ మనిషిని ఇంటికే పిలిపించి తుప్పు పట్టిన చోట రేకు కోయించి కొత్తది అతికించాను. రెడ్ ఆక్సైడ్ కొట్టించి, పుట్టీ పెట్టించి, మంచి ముదురాకుపచ్చ రంగు వేయించాను. సీట్లు కుట్టించాను. రంగుకీ రేకుపనికీ కలిపి 60 వేల పైమాటే. బ్రేకులకు ఎంత పెట్టానో చెప్పమంటారా? ఏమీ పెట్టలేదు. తొక్కితే ఆగుతున్నాయి గదా అనుకున్నా. హ్యాండ్ బ్రేక్ తీగ తెగిపోయి ఉంది. దాన్నీ పట్టించుకోలేదు.

పైగా ఇంకో ఘనకార్యం కూడా చేశాను. ఓ రోజు చేలో ఉండగా బ్రేక్ ఆయిల్ తగ్గింది. చేతికందిన ఇంజన్ ఆయిల్ పోశాను. ఆయిలే గదా అనుకున్నా.

ఆ ఏడు మిరపకోతల్లో సాయంత్రం తొమ్మిది మంది ఆడకూలీలను తొట్టిలో ఎక్కించుకుని వస్తున్నా. కాలవ వంతెన ఎక్కి అవతల దిగుతుంటే పెడల్ నేలకంటింది. రెండోసారి తొక్కినా అంతే. హ్యాండ్ బ్రేక్ లేదు. ఈ పాత గేర్‌బాక్సుల్లో బండి నడుస్తుండగా మొదటి గేరులోకి దించడం తేలిక కాదు. డబుల్ క్లచ్ కొట్టడం తెలిసుండాలి. నాకు చేతకాలేదు, రెండో గేరు దగ్గరే ఆగిపోయా. ఎదురుగా ఎడ్లబండి. పక్కకు కోసి రోడ్డువార ఉన్న వరిగడ్డి వామిలోకి పోనిచ్చా.

ఎవరి ప్రాణమూ పోలేదు. కానీ ఒకామె తొట్టి అంచుకు కొట్టుకుని ముంజేయి విరిగింది. కోతలు ముమ్మరంగా ఉండే రోజుల్లో ఆరువారాలు పనికి రాలేకపోయింది. ఆస్పత్రి ఖర్చూ, ఆ రోజుల కూలీ నేనే ఇచ్చాను. ఇవ్వడం గొప్ప కాదు, తప్పు నాది. ఆస్పత్రి దగ్గర కూర్చున్నప్పుడు ఆమె ఒక మాటంది. "రంగదీ కొత్తబండిలా ఉంటే ధైర్యంగా ఎక్కామయ్యా."

ఆ మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. తుప్పు పట్టిన బండైతే వాళ్ళు ఒకటికి రెండుసార్లు ఆలోచించేవాళ్ళు. నేను వేయించిన రంగు వాళ్ళకు అబద్ధం చెప్పింది.

తర్వాత మా ఊరి పెద్దమేస్త్రి చక్రాలు ఊడదీసి చూపించాడు. వీల్ సిలిండర్లలో రబ్బరు కప్పులు నానబెట్టిన శనగల్లా ఉబ్బిపోయాయి. బ్రేక్ ఆయిల్ వేరు, ఇంజన్ ఆయిల్ వేరు. ఇంజన్ ఆయిల్ తగిలితే ఆ రబ్బరు ఉబ్బి చెడిపోతుంది. ఇంకో సంగతి, ఈ పాత జీపుల్లో నాలుగు చక్రాలకూ ఒకటే లైను. ఎక్కడ ఒక్కచోట కారినా నాలుగూ పోతాయి. "రంగు వేసేముందు నన్నొక్క మాట అడగాల్సింది అబ్బాయ్" అన్నాడు. తలొంచుకున్నా.

అందుకే ఇంట్లో పాత బండి బాగుచేసేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. చాలామంది నాలాగే పనిని తలకిందులుగా మొదలుపెడతారు. కనపడేది ముందు, ప్రాణం కాపాడేది చివర. అప్పటికి డబ్బులైపోతాయి. దాన్ని తిరగేయండి.

మొదటి డబ్బు బ్రేకులకు. మాస్టర్ సిలిండర్, నాలుగు వీల్ సిలిండర్లు, రబ్బరు గొట్టాలు, తుప్పు పట్టిన పైపులు మార్చండి. డ్రమ్ములు లేత్ మీద సాపు చేయించండి. కొత్త బ్రేక్ ఆయిల్ పోసి గాలి పూర్తిగా తీయించండి. ఆ ఆయిల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది కాబట్టి మూత తీసి ఏడాదిగా పడున్న డబ్బా వాడొద్దు. డ్రమ్ములో దుమ్మును నోటితో ఊదడం, గాలి పైపుతో కొట్టడం చేయకండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడవండి. హ్యాండ్ బ్రేక్ తీగ ఆ రోజే వేయించండి. మా బండికి ఇదంతా రంగు ఖర్చులో మూడోవంతు కూడా కాలేదు.

రెండోది స్టీరింగ్, చాసిస్. చక్రం ఊపి చూస్తే ఎంత ఆట ఉందో తెలుస్తుంది. చాసిస్ మీద స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. తుప్పు మీద పుట్టీ మెత్తేస్తే లోపల తినేస్తూనే ఉంటుంది. వెల్డింగ్ పెట్టేముందు బ్యాటరీ తీగలు తీసేయాలి, ట్యాంకు ఊడదీసి దూరంగా పెట్టాలి. పెట్రోలు బండైతే ట్యాంకు ఖాళీయే గదా అని అసలు అనుకోకండి. ఖాళీ ట్యాంకులో ఉన్న ఆవిరే పేలుతుంది.

మూడోది కరెంటు తీగలు. మామూలు 60 వాట్ల హెడ్‌లైట్లు రెండూ కలిపి 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు లాగుతాయి. 100 వాట్లవి పెడితే దాదాపు 17. యాభయ్యేళ్ళ తీగలో, పాత స్విచ్‌లో నుంచి అంత పోతే ఏమవుద్దో చెప్పక్కర్లేదు. కొత్త తీగలు లాగి, ఫ్యూజులు, రిలే పెట్టించండి.

ఇవన్నీ అయ్యాక మిగిలితే రంగు. మిగలకపోతే రెడ్ ఆక్సైడ్ తోనే తిప్పండి, సిగ్గేం లేదు.

ఇక మార్పుల సంగతి. మార్పులన్నిటికీ నేను వ్యతిరేకిని కాదు. ఫ్యూజులు పెట్టించా, వెనక మెరిసే టేపు అంటించా, రెండువైపులా అద్దాలు పెట్టించా. బండి ఆగడానికీ, ఎదుటివాడికి కనపడటానికీ పనికొచ్చేది ఏదైనా మంచిదే. నా గొడవ చూపు కోసం చేసే మార్పులతో. మా బండికి అసలు టైరు 6.00-16, ఎత్తు దాదాపు 28 అంగుళాలు. 31 అంగుళాలది వేస్తే స్పీడోమీటరు 50 చూపించేటప్పుడు బండి 55లో ఉంటుంది. అదే డ్రమ్ముతో పెద్ద చక్రాన్ని ఆపాలంటే బ్రేకు మీద భారం పెరుగుద్ది. బండి పైకి లేపితే మలుపులో పడిపోయే గుణం కూడా పెరుగుద్ది. కమాన్ కట్టలో ఇంకో రెండు పట్టీలు వేయిస్తే ఇరవై టిక్కీల మిర్చి ఎక్కించొచ్చు అంటారు. పట్టీ పెరిగింది సరే, బ్రేకు పెరిగిందా? ఇరుసు పెరిగిందా?

చట్టం సంగతీ తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. అదే ఏడాది సవరణతో ఇలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 జరిమానా గానీ, ఆరునెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. అంతకంటే పెద్ద దెబ్బ బీమా దగ్గర తగులుతుంది. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించుకుని ప్రమాదం జరిగితే మామూలుగా బీమా కంపెనీ తనకు బాధ్యత లేదంటుంది. అప్పుడు పొలం అమ్మి కట్టాల్సింది మనమే. మన ఊళ్ళలో కోతల కాలంలో ఇది రోజూ జరిగే పనే, అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడరు. నేనూ మాట్లాడేవాణ్ణి కాదు.

"వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకుంటే సరిపోద్ది గదా" అని ఒకాయన సలహా ఇచ్చాడు. 2021లో ఆ నిబంధనలు వచ్చాయి. యాభయ్యేళ్ళు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలో ఉన్న బండికి వీఏ అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్తగా అయితే 20,000 రుసుము, పదేళ్ళు చెల్లుతుంది. కానీ ఆ బండిని రోజువారీ పనికి రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, ఇంధనం పోయించుకోవడానికీ, మరమ్మతుకూ మాత్రమే తీయాలి. డీజిల్ ఇంజన్ పెట్టిన రోజే మా బండికి ఆ అర్హత పోయింది. ఉన్నా నాకెందుకు? నేను దాన్ని చూసుకోవడానికి బాగుచేయలేదు, ఎరువు కట్టలు తోలడానికి చేశాను.

నా బాధల్లా ఇక్కడే. అద్దాల గదిలో పెట్టుకునే పాత బండికి ఓ దారి ఉంది, తుక్కుకు పంపే బండికీ ఓ దారి ఉంది. జాగ్రత్తగా బాగుచేసుకుని చిన్నపనికి వాడుకునేవాడికి మాత్రం దారి సరిగ్గా లేదు. ఇంటి దగ్గర బాగుచేసిన బండిని తీసుకెళ్తే బ్రేకు ఎంత పట్టుతుందో యంత్రం మీద పెట్టి చూసి, ఇక్కడ లోపం ఉంది, సరిచేసుకుని రా అని చెప్పే చోటు ప్రతి నియోజకవర్గంలో ఒకటుండాలి. రుసుము పెట్టండి, కడతాం. జరిమానా భయంతో కొట్టాల్లో దాక్కుని, రాత్రిళ్ళు తిరిగే బండ్ల కంటే అది మేలు.

కొత్త బండి కొనుక్కోవచ్చు గదా అనేవాళ్ళకు ఒక మాట. నిజమే, దీంట్లో సీటు బెల్టు లేదు, గుద్దుకుంటే కాపాడేదేమీ లేదు. అందుకే 40 దాటను, చీకటి పడితే తీయను. కానీ ఇది నాకు అర్థమయ్యే బండి. నాలుగు స్పానర్లుంటే ఏ ముక్కనైనా ఊడదీసి చూడగలను. అర్థమవుతుందనే పొగరుతోనే ఒకసారి ఇంజన్ ఆయిల్ పోశాను, అదీ నిజమే. ఇప్పుడు తెలియనిది పెద్దమేస్త్రిని అడుగుతాను.

కూలీలను తొట్టిలో ఎక్కించుకోవడం ఆ రోజుతోనే మానేశాను. ఆటో మాట్లాడతాను. కోతల కాలమంతా లెక్కేస్తే ఖర్చు బాగానే తేలుద్ది, చేతి నుంచి పడుతుంది. పడనీ.

కొండ దగ్గర కలిసిన అబ్బాయీ, ఇది చదివితే రంగు డబ్బా కొనకు. నాలుగు డ్రమ్ములూ ఊడదీసి, లోపల ఏముందో చూసి నాకు చెప్పు. కోతలయ్యాక ఓ ఆదివారం నేనే వస్తా. పెద్ద జాకీ, డ్రమ్ము లాగే పుల్లరు నా దగ్గరున్నాయి.